స్టాటిక్ మెథడ్‌ను ఓవర్‌లోడ్ చేయవచ్చు: చదువుల పేజీలోని జవాబు సరిచేయండి

సంపాదకులు గారికి,

నమస్కారం. క్యాంపస్ ఇంటర్వ్యూలకు తయారయ్యే విద్యార్థుల కోసం మీ చదువుల పేజీలో వేసిన జావా ప్రశ్నలు, జవాబుల్లో “స్టాటిక్ మెథడ్‌లను ఓవర్‌లోడ్ చేయడం కుదరదు” అని ఉంది. ఇది తప్పు. (జావా ఒక ప్రోగ్రామింగ్ భాష. మెథడ్ అంటే పేరు పెట్టి పిలిచే కోడ్ ముక్క, అది తీసుకునే విలువలు పారామీటర్లు. క్లాస్ అంటే డేటానూ మెథడ్‌లనూ కలిపి రాసిన నమూనా, దాని నుంచి తయారయ్యేది ఆబ్జెక్ట్. స్టాటిక్ మెథడ్‌కు ఆబ్జెక్ట్ అక్కర్లేదు, క్లాస్ పేరుతోనే పిలవవచ్చు. ఓవర్‌లోడ్ అంటే ఒకే పేరుతో, వేరే పారామీటర్లతో ఇంకో మెథడ్ రాయడం.) కాకినాడ నుంచి నరసాపురం దాకా ఇంజనీరింగ్ కాలేజీల పక్కన ఉండే జిరాక్స్ షాపుల్లో దొరికే స్పైరల్ బైండింగ్ నోట్సుల్లో కూడా ఇదే వాక్యం ఏళ్ల తరబడి ఒక కాపీ నుంచి ఇంకో కాపీలోకి ఎక్కుతోంది. పేపర్లో అచ్చయిందంటే పిల్లలు దాన్ని ఇంక అనుమానించరు. అందుకని ఉత్తరం పొడవైనా సరే, కారణాలతో సహా రాస్తున్నాం.

తప్పని తేల్చడానికి దూరం వెళ్లక్కర్లేదు. జావాతో పాటే వచ్చే మ్యాథ్ క్లాస్‌లో మ్యాక్స్ అనే మెథడ్ నాలుగు రూపాల్లో ఉంది: ఇంట్‌కు ఒకటి, లాంగ్‌కు ఒకటి, ఫ్లోట్‌కు ఒకటి, డబుల్‌కు ఒకటి (ఇంట్, లాంగ్ పూర్ణాంకాల రకాలు; ఫ్లోట్, డబుల్ దశాంశాల రకాలు). నాలుగూ స్టాటికే. స్ట్రింగ్ క్లాస్‌లో వాల్యూఆఫ్ అనే పేరుతో తొమ్మిది స్టాటిక్ మెథడ్‌లున్నాయి. జావా మొదలుపెట్టిన విద్యార్థికి కూడా ఇవి త్వరలోనే ఎదురవుతాయి. ఓవర్‌లోడ్ కుదరకపోతే ఇవేవీ ఉండేవి కావు.

ఈ తప్పు ఎక్కడ పుట్టిందో ఊహించడం తేలికే. చేయలేనిది ఓవర్‌రైడ్, అంటే ఒక క్లాస్ (తల్లి) నుంచి పుట్టించిన ఇంకో క్లాస్ (పిల్ల)లో, తల్లి మెథడ్‌కు బదులు పిల్ల మెథడే నడిచేలా తిరగరాయడం. తల్లి క్లాస్‌లోని స్టాటిక్ మెథడ్‌ను పిల్ల క్లాస్‌లో అదే పేరు, అవే పారామీటర్లతో మళ్లీ రాస్తే కంపైలర్ (ప్రోగ్రాంను నడిచే రూపంలోకి మార్చే సాఫ్ట్‌వేర్) ఒప్పుకుంటుంది గానీ, అది ఓవర్‌రైడ్ అవదు. తల్లి మెథడ్ మరుగున పడుతుంది, అంతే. తల్లి టైప్‌తో ప్రకటించిన వేరియబుల్ ద్వారా పిలిస్తే, లోపలున్నది పిల్ల ఆబ్జెక్టే అయినా తల్లి మెథడే నడుస్తుంది. పిల్ల మెథడ్ నెత్తిన ఓవర్‌రైడ్ యానొటేషన్ పెట్టి చూడండి, కంపైలర్ అక్కడికక్కడే ఎర్రర్ ఇస్తుంది. ఓవర్‌రైడ్ గురించి ఎవరో రాసిన మాట చేతులు మారి ఓవర్‌లోడ్‌కు అంటుకుంది.

ఇంతవరకే అయితే రెండు లైన్ల సవరణతో పోయేది. అసలు చిక్కు దీని పక్కనే ఉంది. ఒకే క్లాస్‌లో ఒకే పేరుతో ఒక స్టాటిక్ మెథడ్, ఒక ఇన్‌స్టన్స్ మెథడ్ (ఆబ్జెక్ట్ మీదే పిలిచే మామూలు మెథడ్) ఉండవచ్చా? ఉంటే పిలుపు ఎటు పోతుంది? ల్యాబ్‌లో పిల్లలు తలపట్టుకునేది ఇక్కడ. నోట్సులు ఒక్క ముక్కైనా చెప్పనిదీ ఇదే.

ఉండవచ్చు, పారామీటర్లు వేరైతే. జావా ఒక మెథడ్‌ను గుర్తుపట్టేది దాని పేరుతో, పారామీటర్ల టైపులతో, వాటి వరుసతో. రిటర్న్ టైప్ లెక్కలోకి రాదు. పబ్లిక్, ప్రైవేట్ లెక్కలోకి రావు. స్టాటిక్ అన్న మాట కూడా రాదు. కాబట్టి ఇంట్ తీసుకునే స్టాటిక్ మెథడ్ ఒకటి, అదే పేరుతో ఇంట్ తీసుకునే మామూలు మెథడ్ ఒకటి పక్కపక్కన రాస్తే, ఈ మెథడ్ ఈ క్లాస్‌లో ఇప్పటికే ఉందని కంపైలర్ తోసిపుచ్చుతుంది. దీనికి రెండు కారణాలు. క్లాస్ ఫైల్లో ఒకే పేరు, ఒకే డిస్క్రిప్టర్ (పారామీటర్ల, రిటర్న్ టైపుల సంకేతం) ఉన్న మెథడ్‌లు రెండు ఉండడానికి వీల్లేదు. డిస్క్రిప్టర్‌లో స్టాటిక్ ఊసు ఉండదు. రెండోది, జావాలో స్టాటిక్ మెథడ్‌ను ఆబ్జెక్ట్ పేరు పెట్టి కూడా పిలవనిస్తారు. అలా పిలిచినప్పుడు రెండింటిలో ఏది కావాలో తేల్చే ఆనవాలు ఏదీ మిగలదు. తల్లి క్లాస్‌లో ఇన్‌స్టన్స్ మెథడ్ ఉంటే పిల్ల క్లాస్‌లో అవే పారామీటర్లతో స్టాటిక్ రాయనివ్వరు. అటుది ఇటైనా అంతే.

ఇప్పుడు మన జిల్లాల పిల్లలకు తెలిసిన లెక్కే తీసుకుందాం. చెరువులో పట్టిన రొయ్యలను కౌంట్‌ను బట్టి కొంటారు. కిలోకు నలభై తూగితే నలభై కౌంట్. కౌంట్ తగ్గేకొద్దీ రొయ్య పెద్దది, కిలో ధర ఎక్కువ. శాంపిల్ తీసి సగటు కడితే కౌంట్ ఒక్కోసారి 42.5 అని కూడా వస్తుంది. దీనికి రొయ్యలలాట్ అని ఒక క్లాస్ రాశామనుకోండి. అందులో బరువు అనే ఫీల్డ్ (ప్రతి లాట్ తనతో ఉంచుకునే విలువ) ఉంది. మెథడ్‌లు రెండు:

స్టాటిక్ డబుల్ ధర(డబుల్ కౌంట్)
డబుల్ ధర(ఇంట్ కౌంట్)

మొదటిది ఆ కౌంట్‌కు కిలో ధర ఇస్తుంది. ఏ లాట్ అయినా జవాబు ఒకటే కాబట్టి స్టాటిక్. రెండోది కిలో ధరను ఈ లాట్ బరువుతో హెచ్చించి మొత్తం విలువ ఇస్తుంది. బరువు కావాలి కాబట్టి ఇన్‌స్టన్స్. పారామీటర్ ఒకచోట డబుల్, ఇంకోచోట ఇంట్. కంపైలర్‌కు ఏ అభ్యంతరమూ లేదు. (పేర్లు తెలుగులో ఉన్నాయని వెనకాడక్కర్లేదు, కీవర్డులు, టైపులు ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టి, పేర్లను ఇలాగే తెలుగులో ఉంచినా జావా కంపైల్ చేస్తుంది. ఫైల్‌ను యూటీఎఫ్-8లో సేవ్ చేయాలి. జావా 18 కంటే పాతది విండోస్ మీద వాడేవాళ్లు జావాసీకి, అంటే జావా కంపైలర్‌కు, ఎన్‌కోడింగ్ కూడా చెప్పాలి.)

ప్రోగ్రాం మొదలయ్యే స్టాటిక్ మెథడ్ మెయిన్ నుంచి రొయ్యలలాట్.ధర(40) అని పిలవండి. క్లాస్ పేరు పెట్టి పిలిచాం కాబట్టి స్టాటిక్ మెథడే పలుకుతుందని, నలభైని డబుల్‌గా మార్చుకుంటుందని అందరూ అనుకుంటారు. అలా జరగదు. స్టాటిక్ కాని మెథడ్‌ను స్టాటిక్ చోటు నుంచి పిలవలేరని ఎర్రర్ వస్తుంది. రొయ్యలలాట్.ధర(40.0) అని రాస్తే చక్కగా నడుస్తుంది. చుక్క, సున్నా తప్ప ఏమీ మారలేదు.

కారణం కంపైలర్ పనిచేసే వరుసలో ఉంది. విద్యార్థికి మొదట నేర్పవలసింది ఈ వరుసే. కంపైలర్ ముందు పేరు చూస్తుంది. తర్వాత ఆర్గ్యుమెంట్లను (పిలిచేటప్పుడు ఇచ్చే విలువలను) బట్టి ఏ మెథడ్ సరిపోతుందో మూడు అంచెల్లో వెతుకుతుంది. మొదటి అంచెలో టైప్ ఉన్నదున్నట్టు సరిపోవాలి, లేదా ఇంట్ నుంచి లాంగ్, లాంగ్ నుంచి డబుల్ అన్నట్టు పెద్ద టైప్‌లో ఒదగాలి, లేదా పిల్ల క్లాస్ ఆబ్జెక్ట్ తల్లి క్లాస్ చోట ఇమడాలి. అక్కడ ఒక్కటైనా దొరికితే రెండో అంచెకు పోనే పోదు. దొరక్కపోతే ఇంట్‌ను ఇంటిజర్‌గా (ఇంట్‌ను ఆబ్జెక్ట్‌గా చుట్టిన రూపం), ఇంటిజర్‌ను ఇంట్‌గా మార్చి చూస్తుంది. అప్పటికీ దొరక్కపోతే మూడో అంచెలో, ఎన్ని ఆర్గ్యుమెంట్లయినా తీసుకునే వేర్‌ఆర్గ్స్ మెథడ్‌లను చూస్తుంది. ఒకే అంచెలో ఒకటి కంటే ఎక్కువ సరిపోతే వాటిలో బాగా బిగుతుగా సరిపోయేదాన్ని తీసుకుంటుంది. ఇంట్ ఎప్పుడైనా డబుల్‌లో ఒదుగుతుంది, డబుల్ ఇంట్‌లో ఒదగదు; కాబట్టి ఇంట్ తీసుకునేదే గెలుస్తుంది.

ఇంత ఎంపిక జరిగేదాకా స్టాటికా కాదా అన్న ప్రశ్న రానే రాదు. ఎంపిక ముగిసాక మాత్రమే, ఎంచుకున్న మెథడ్‌ను ఈ చోటు నుంచి పిలవవచ్చా అని చూస్తుంది. కుదరకపోతే ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది. వెనక్కి వెళ్లి సరిపోయే ఇంకో స్టాటిక్ మెథడ్ ఉందేమోనని వెతకదు. ముందు ఎంపిక, తర్వాత స్టాటిక్ తనిఖీ. ఈ ఒక్క వరుస మనసులో ఉంటే స్టాటిక్, ఇన్‌స్టన్స్ ఓవర్‌లోడింగ్‌లో వచ్చే తికమకల్లో చాలా భాగం పిల్లవాడు కాగితం మీదే తేల్చుకోగలడు.

రెండో అంచె మతలబు ఇంకా గట్టిది. ఇన్‌స్టన్స్ మెథడ్ లాంగ్ తీసుకుంటుంది, స్టాటిక్ మెథడ్ ఇంటిజర్ తీసుకుంటుంది అనుకోండి. క్లాస్ పేరుతో పిలిచి 40 ఇస్తే, ఇంట్‌కు ఇంటిజరే దగ్గరి చుట్టమని మనకు అనిపిస్తుంది. కానీ లాంగ్‌లో ఒదగడం మొదటి అంచె, ఇంటిజర్‌గా మారడం రెండో అంచె. లాంగ్ గెలుస్తుంది, అది స్టాటిక్ కాదు, ఎర్రర్.

ఎర్రర్ వస్తే నయమే. ఎర్రర్ రాకుండా తప్పు లెక్క వచ్చే సందర్భం చూడండి. అదే క్లాస్‌లో, ఒక ఇన్‌స్టన్స్ మెథడ్ లోపల, కిలో ధర కావాలని ధర(40) అని రాశారు. ఇక్కడ ఆబ్జెక్ట్ ఉంది కాబట్టి ఇన్‌స్టన్స్ మెథడ్‌ను పిలవడానికి అడ్డేమీ లేదు. కంపైలర్ గప్‌చుప్‌గా ఇంట్ మెథడ్‌నే కట్టేస్తుంది. లాట్ బరువు 500 కిలోలు, ఆ కౌంట్‌కు కిలో ధర 350 రూపాయలు అనుకుంటే, 350 రావలసిన చోట 1,75,000 వస్తుంది. ఇంకో చోట మొత్తం విలువ కోసం ధర(కౌంట్) అని రాశారు; దాని పైన ఎవరో కౌంట్‌ను నెక్స్ట్‌ఇంట్‌తో (పూర్ణాంకం చదివే మెథడ్) చదివిన లైన్‌ను, 42.5 కూడా పట్టాలని నెక్స్ట్‌డబుల్‌గా మార్చారనుకోండి. వేరియబుల్ డబుల్ అయిపోతుంది, పిలుపు స్టాటిక్ మెథడ్‌కు మళ్లుతుంది, మొత్తం విలువ రావలసిన బిల్లులో కిలో ధర పడుతుంది. పిలుపు ఉన్న లైన్‌ను ఎవరూ ముట్టుకోలేదు. వార్నింగ్ కూడా రాదు. ఇలాంటి తప్పును వెతకడానికి పూట పూటంతా పోతుంది.

దీనికి మా సలహా ఒకటే. లెక్క వేరైతే పేరు వేరు పెట్టండి. కిలోధర అని స్టాటిక్ మెథడ్, లాట్‌విలువ అని ఇన్‌స్టన్స్ మెథడ్. ఒకే పేరుతో ఓవర్‌లోడ్ చేయడం ఎప్పుడు తగునంటే, ఏ రూపాన్ని పిలిచినా అదే పని, అదే రకం జవాబు వచ్చేటప్పుడు మాత్రమే. మ్యాథ్ క్లాస్‌లోని మ్యాక్స్ అలాంటిది, ఏ రూపం పలికినా పెద్దదే వస్తుంది. పారామీటర్ల సంఖ్య తేడాగా ఉన్నా ప్రమాదం తక్కువే. ఒక ఆర్గ్యుమెంట్ పిలుపు రెండు ఆర్గ్యుమెంట్ల మెథడ్‌కు పొరపాటున పోదు. సంఖ్య ఒకటే అయి, ఇంట్, లాంగ్, డబుల్ లాంటి ఒకదాంట్లో ఒకటి ఒదిగే టైపులతో స్టాటిక్‌నూ ఇన్‌స్టన్స్‌నూ కలిపితేనే గొడవ. జావా లైబ్రరీలోనే చూడండి: స్ట్రింగ్ క్లాస్‌లో ఫార్మాట్ మొదటినుంచీ స్టాటిక్. అదే పనిని ఆబ్జెక్ట్ మీద చేసే మెథడ్‌ను జావా 15లో చేర్చినప్పుడు దానికి ఫార్మాటెడ్ అని వేరే పేరు పెట్టారు.

ఆ ఎర్రర్ కనబడగానే పిల్లలు ఏం చేస్తారన్నది ఇంకో సంగతి. దీని మీద మాకు నిజంగానే బాధ ఉంది. స్టాటిక్ కాని మెథడ్‌ను పిలవలేరని ఎర్రర్ వస్తే, ఆ మెథడ్ ముందు స్టాటిక్ అని చేరుస్తారు. వెంటనే లోపల బరువు అనే ఫీల్డ్ దగ్గర అదే ఎర్రర్ వస్తుంది. దాని ముందూ స్టాటిక్ పెడతారు. ఎర్రర్లు పోతాయి, ప్రోగ్రాం నడుస్తుంది, రికార్డు మీద సంతకం పడుతుంది. కానీ ఇప్పుడు బరువు లాట్‌కు ఒకటి కాదు, మొత్తం క్లాస్‌కు ఒక్కటే. మొదటి లాట్‌కు 500, రెండో లాట్‌కు 820 అని ఇస్తే, మొదటి లాట్‌ను అడిగినా 820 చెబుతుంది. ఒక్క ఆబ్జెక్ట్‌తో పరీక్షించినంతకాలం ఇది బయటపడదు. అందుకే ల్యాబ్‌లో ఏ క్లాస్ రాసినా కనీసం రెండు ఆబ్జెక్ట్‌లు తయారుచేయించి, రెండోదాన్ని మార్చాక మొదటిదాని విలువలు ప్రింట్ చేయించాలి. ఆ ఎర్రర్‌కు సరైన మందు ముందుగా ఒక ప్రశ్న వేసుకోవడం: ఈ లెక్కకు ఏదైనా ఒక ఆబ్జెక్ట్ డేటా కావాలా? కావాలంటే మెయిన్‌లో ఆబ్జెక్ట్ తయారుచేసి దాని మీద పిలవాలి. అక్కర్లేదంటే, అప్పుడు మాత్రమే మెథడ్‌ను స్టాటిక్ చేయాలి.

జావా 8 వచ్చాక ఇదే వ్యవహారం ఇంకో వేషంలో ఎదురవుతోంది. ఇంటిజర్ల లిస్ట్‌ను స్ట్రింగ్‌లుగా మార్చాలని స్ట్రీమ్ మీద మ్యాప్ (ఒక్కోదాన్నీ మార్చే మెథడ్) పెట్టి, అందులో ఇంటిజర్::టుస్ట్రింగ్ అని రాస్తే కంపైల్ అవదు. ఇంటిజర్ క్లాస్‌లో ఏ పారామీటరూ లేని ఇన్‌స్టన్స్ టుస్ట్రింగ్ ఉంది, ఇంట్ తీసుకునే స్టాటిక్ టుస్ట్రింగ్ కూడా ఉంది. రెండు చుక్కల జంటతో రాసినప్పుడు, వచ్చిన ఇంటిజర్‌ను స్టాటిక్ మెథడ్‌కు ఆర్గ్యుమెంట్‌గా ఇవ్వాలా, లేక దాని మీదే ఇన్‌స్టన్స్ మెథడ్‌ను పిలవాలా? రెండూ కుదురుతాయి. కంపైలర్ రెండు దారులూ వెతికి, రెండింటిలోనూ మెథడ్ దొరకడంతో తేల్చుకోలేనని చెబుతుంది. ఇంటిజర్::హ్యాష్‌కోడ్, డబుల్::ఈజ్‌నాన్ దగ్గరా ఇదే కథ. ఆబ్జెక్ట్::టుస్ట్రింగ్ అనో, స్ట్రింగ్::వాల్యూఆఫ్ అనో రాస్తే సరిపోతుంది, లేదా లాంబ్డాలో (పేరు లేని చిన్న మెథడ్‌లో) పిలుపును విడమరిచి రాయాలి. మన సొంత క్లాస్‌లో కూడా, ఏ పారామీటరూ లేని ఇన్‌స్టన్స్ మెథడ్ పక్కన అదే క్లాస్ ఆబ్జెక్ట్‌ను తీసుకునే స్టాటిక్ మెథడ్‌ను అదే పేరుతో పెట్టామంటే, ఇదే చిక్కును కొని తెచ్చుకున్నట్టు.

స్టాటిక్ మెథడ్‌ను ఆబ్జెక్ట్ పేరుతో పిలిచే అలవాటును కూడా మొదట్లోనే మాన్పించాలి. టి అనే థ్రెడ్‌ను (ప్రోగ్రాంలో విడిగా నడిచే పని వరుసను) ఆపాలని టి.స్లీప్(1000) అని రాస్తే, ఆగేది టి కాదు, ఆ లైన్‌ను నడుపుతున్న థ్రెడ్. స్లీప్ స్టాటిక్ కాబట్టి కంపైలర్ చుక్కకు ఎడమపక్క టైప్‌ను మాత్రమే చూస్తుంది. వేరియబుల్‌లో నల్ (ఏ ఆబ్జెక్టూ లేదనే గుర్తు) ఉన్నా స్టాటిక్ పిలుపు చక్కగా నడిచిపోతుంది, నల్‌పాయింటర్ ఎక్సెప్షన్ రాదు. పిల్లలు దాన్ని చూసి ఆబ్జెక్ట్ ఉందనుకుంటారు. జావాసీకి ఎక్స్‌లింట్:స్టాటిక్ అనే ఆప్షన్ ఇస్తే ఇలాంటి పిలుపులన్నిటికీ వార్నింగ్ వస్తుంది. ల్యాబ్ సిస్టమ్‌లలో దీన్ని ఎప్పుడూ ఆన్ చేసి ఉంచితే మంచిది.

నల్ అన్నాం కాబట్టి ఒక మాట. ఒక రూపం స్ట్రింగ్, ఇంకో రూపం ఇంటిజర్ తీసుకుంటుంటే, నల్ ఇచ్చి పిలిస్తే తేల్చుకోలేనని ఎర్రర్ వస్తుంది. ఒకటి ఆబ్జెక్ట్, ఇంకోటి స్ట్రింగ్ అయితే స్ట్రింగ్ రూపమే పలుకుతుంది. ఒకటి స్టాటిక్, ఒకటి ఇన్‌స్టన్స్ అయినంత మాత్రాన ఈ సూత్రం మారదు.

ఏ పిలుపు ఎటు పోయిందో ఊహించనక్కర్లేకుండా చూసే దారి ఉంది. ప్రోగ్రాంను జావాసీతో కంపైల్ చేసి, వచ్చిన క్లాస్ పేరును జావాపీ అనే కమాండ్‌కు మైనస్ సీ ఆప్షన్‌తో ఇవ్వాలి. బైట్‌కోడ్ (కంపైలర్ తయారుచేసిన ఆదేశాలు) తెరమీద పడుతుంది. ఇలాంటి పిలుపుల దగ్గర ఇన్వోక్‌స్టాటిక్ అనో, ఇన్వోక్‌వర్చువల్ అనో ఉంటుంది, పక్కనే మెథడ్ పేరు, బ్రాకెట్లలో దాని పారామీటర్ టైపులు ఉంటాయి. డీ అంటే డబుల్, ఐ అంటే ఇంట్, జే అంటే లాంగ్. పై ఉదాహరణలో ధర(40), ధర(40.0) రెండూ ఒక ఇన్‌స్టన్స్ మెథడ్‌లో రాసి ఇలా చూపిస్తే, పిలుపు రన్ చేసేటప్పుడు కాక కంపైల్ చేసేటప్పుడే ఖాయమవుతోందని పిల్లవాడి కళ్లకే కనిపిస్తుంది. బోర్డు మీద గంట చెప్పినా అంత బాగా ఎక్కదు.

కంపైల్ చేసేటప్పుడే ఖాయం కావడం వల్ల ఇంకో తలనొప్పి ఉంది. ఒక మెథడ్‌ను స్టాటిక్ నుంచి ఇన్‌స్టన్స్‌గా మార్చి, ఆ ఒక్క క్లాస్‌నే మళ్లీ కంపైల్ చేసి జార్‌లో (క్లాస్ ఫైళ్లను కట్టిన ప్యాకెట్‌లో) పెట్టారనుకోండి. దాన్ని పిలిచే పాత క్లాస్‌లలో ఇన్వోక్‌స్టాటిక్ అలాగే ఉండిపోతుంది. నడిపితే ఇన్‌కంపాటిబుల్‌క్లాస్‌చేంజ్ ఎర్రర్ వస్తుంది. సోర్స్ అంతా చూసినా తప్పు కనబడదు. ప్రాజెక్టును పూర్తిగా క్లీన్ చేసి, మొత్తం మళ్లీ బిల్డ్ చేయడమే దారి.

విద్యార్థులు జావా ఒక్కటే చదవరు కదా, మిగతా భాషల్లో ఇదే ప్రశ్నకు జవాబు వేరేగా ఉంటుందని కూడా ప్రశ్నల పేజీ చెప్పాలి. సీ ప్లస్ ప్లస్ దాదాపు జావా దారినే నడుస్తుంది: పారామీటర్లు ఒకటే అయి వాటిలో ఏ ఒక్కటి స్టాటిక్ అయినా ఓవర్‌లోడ్ కుదరదు, ఎంపిక ముందు జరిగి స్టాటిక్ సంగతి తర్వాత వస్తుంది. తేడా ఇన్‌హెరిటెన్స్ దగ్గర ఉంది. పిల్ల క్లాస్‌లో అదే పేరుతో ఒక్క మెథడ్ రాస్తే చాలు, పారామీటర్లు వేరైనా తల్లి క్లాస్‌లోని ఆ పేరుగల రూపాలన్నీ కనబడకుండా పోతాయి. యూజింగ్ అని ప్రకటిస్తేనే తిరిగి వస్తాయి. జావాలో అలా పోవు. సీ షార్ప్‌లో 7.3 వెర్షన్‌కు ముందు జావా లాగే ఉండేది. 2018లో వచ్చిన ఆ వెర్షన్ నుంచి, క్లాస్ పేరుతో పిలిస్తే ఇన్‌స్టన్స్ రూపాలను, ఆబ్జెక్ట్‌తో పిలిస్తే స్టాటిక్ రూపాలను ముందే పక్కనపెట్టి ఆ తర్వాత ఎంపిక చేస్తుంది. కాబట్టి మన రొయ్యలలాట్.ధర(40) జావాలో ఎర్రర్, నేటి సీ షార్ప్‌లో డబుల్ తీసుకునే స్టాటిక్ మెథడ్‌కు పోతుంది. రెండు భాషలూ చూడటానికి కవలల్లా ఉంటాయి కనుక ఈ తేడాను ఇంటర్వ్యూలో చెప్పగలిగిన విద్యార్థికి విషయం తెలుసని అవతలివాళ్లకు వెంటనే అర్థమవుతుంది.

పైథాన్ దగ్గర మాత్రం జావా అలవాటుతో వెళ్తే దెబ్బతింటారు. అక్కడ ఇలాంటి ఓవర్‌లోడింగే లేదు. క్లాస్‌లో ఒకే పేరుతో రెండు డెఫ్‌లు (మెథడ్ ప్రకటనలు) రాస్తే రెండోది మొదటిదాన్ని చెరిపేస్తుంది, ఒక్క ముక్క చెప్పదు. పైన సెల్ఫ్ (పిలిచిన ఆబ్జెక్ట్) మాత్రమే తీసుకునే ధర రాసి, కింద స్టాటిక్‌మెథడ్ డెకరేటర్‌తో (డెఫ్ మీద పెట్టే గుర్తు) కౌంట్ తీసుకునే ధర రాస్తే మిగిలేది కిందదే. లాట్ మీద ధర() అని పిలిస్తే ఒక ఆర్గ్యుమెంట్ తక్కువైందని టైప్ఎర్రర్ వస్తుంది. పిల్లలేమో పైనున్న డెఫ్‌ను చూసి, ఇందులో ఆర్గ్యుమెంటే లేదు కదా అని బుర్ర గోక్కుంటారు. డిఫాల్ట్ ఆర్గ్యుమెంట్లతో ఒకే మెథడ్ రాయడమో, వేరే పేర్లు పెట్టడమో చేయాలి. టైప్‌ను బట్టే దారి మళ్లాలంటే ఫంక్‌టూల్స్‌లో సింగిల్‌డిస్పాచ్‌మెథడ్ ఉంది, పైథాన్ 3.8 నుంచి, సెల్ఫ్ తర్వాత వచ్చే మొదటి ఆర్గ్యుమెంట్ టైప్‌ను మాత్రమే చూస్తుంది, అదీ రన్ అయ్యేటప్పుడు. వేరే డెకరేటర్లతో కలిపి వాడితే ఇది అన్నిటికంటే పైన ఉండాలి. టైపింగ్ మాడ్యూల్‌లోని ఓవర్‌లోడ్ పేరు చూసి మోసపోకూడదు. అది టైప్ చెకర్లకు (నడపకముందే టైపులు సరిచూసే సాధనాలకు) చెప్పే మాటే తప్ప నడిచే కోడ్‌ను ఎంచదు.

జావాస్క్రిప్ట్‌లో స్టాటిక్ మెథడ్ క్లాస్ మీద, ఇన్‌స్టన్స్ మెథడ్ ప్రోటోటైప్ (ఆబ్జెక్ట్‌లన్నీ పంచుకునే విడి ఆబ్జెక్ట్) మీద ఉంటాయి కాబట్టి ఒకే పేరుతో రెండూ హాయిగా ఉండవచ్చు, పారామీటర్లు ఒకటే అయినా సరే. కానీ రెండు స్టాటిక్‌లను ఒకే పేరుతో పెడితే చివరిదే మిగులుతుంది.

ఇంతకీ మీ పేజీలో వేయవలసిన సవరణ ఇది. ఈ మాటల్లోనే వేసినా మాకు అభ్యంతరం లేదు:

“జావాలో స్టాటిక్ మెథడ్‌లను ఓవర్‌లోడ్ చేయవచ్చు, ఓవర్‌రైడ్ చేయలేం. ఒకే పేరుతో స్టాటిక్ మెథడ్, ఇన్‌స్టన్స్ మెథడ్ ఒకే క్లాస్‌లో ఉండాలంటే వాటి పారామీటర్ల సంఖ్య, టైప్ లేదా వరుస వేరుగా ఉండాలి. స్టాటిక్ అన్న మాట ఒక్కటే తేడా అయితే కంపైల్ అవదు. కంపైలర్ ముందు ఆర్గ్యుమెంట్లను బట్టి మెథడ్‌ను ఎంచుకుని, ఆ తర్వాతే అది స్టాటిక్ అవునో కాదో చూస్తుంది.”

ఆ పేజీలోనే ఇంకో ప్రశ్నకు, మెయిన్‌ను ఓవర్‌లోడ్ చేయలేమని కూడా జవాబు ఉంది. అదీ మార్చాలి. మెయిన్‌ను ఎన్ని రూపాల్లోనైనా రాయవచ్చు. స్ట్రింగ్ అరే తీసుకునే మెయిన్ ఉంటే ప్రోగ్రాం దానితోనే మొదలవుతుంది, మిగతావాటిని మనమే పిలుచుకోవాలి. జావా 25 నుంచైతే ప్రోగ్రాం మొదలయ్యే మెయిన్ స్టాటిక్ కానక్కర్లేదు, స్ట్రింగ్ అరే తీసుకోకపోయినా ఫర్వాలేదు. కాలేజీ ల్యాబ్‌లలో చాలాచోట్ల ఇంకా పాత వెర్షన్లే ఉన్నాయి కాబట్టి, జవాబు పక్కన ఏ వెర్షన్‌కు చెబుతున్నారో కూడా వేయగలరు.

ఇట్లు,
జావా, పైథాన్ ల్యాబ్‌లు చెప్పే కొందరు అధ్యాపకులు,
భీమవరం